గే షుగర్ డేటింగ్ యాప్‌లు: ఏళ్ల తరబడి వాడాక

షుగర్ డేటింగ్ అంటే డబ్బున్న పెద్దాయన, తనకంటే చిన్నవయసు పెద్దవాడికి అలవెన్స్ (క్రమంగా ఇచ్చే సొమ్ము) లేదా కానుకలు ఇస్తూ నడిపే సంబంధం. దాని కోసమే పెట్టిన సైట్ల కంటే, మామూలు గే యాప్‌లో వయసు ఫిల్టర్ పెట్టుకొని వెతకడమే మేలు. రెండూ ఏళ్లుగా వాడాక నా తీర్పు ఇది. షుగర్ సైట్లు ఎక్కువగా డబ్బున్న మగవాళ్లు, అమ్మాయిల కోసం తయారైనవి. మగవాళ్ల కోసం వెతికే మగవాళ్లు వాటిలో పలచగా ఉంటారు, మాట కలపాలంటే చాలాచోట్ల చందా కట్టాలి. గే యాప్‌లైన గ్రైండర్ 2009లో, స్క్రఫ్ 2010లో వచ్చాక చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఫోన్‌లోనే కనబడసాగారు. వయసు తేడాను ఇష్టపడేవాళ్లు కూడా అక్కడే చేరారు.

డబ్బు మాట ప్రొఫైల్‌లో రాస్తే ఖాతా పోయే ప్రమాదం ఉంది. అమెరికాలో 2018లో ఫోస్టా-సెస్టా చట్టం వచ్చాక, సెక్స్‌కు డబ్బు బేరాలకు చోటిచ్చిన సైటు మీదే కేసు పడే ప్రమాదం ఏర్పడింది. 2021 సెప్టెంబరు 1 నుంచి గూగుల్ ప్లే కూడా షుగర్ డేటింగ్ యాప్‌లను నిషేధించింది. కాబట్టి ‘మా యాప్ స్టోర్‌లో దొరకదు, ఈ లింకు నుంచి దించుకో’ అని చాట్‌లో ఎవరైనా పంపితే తెరవకండి.

చాలామంది నష్టపోయేది చెక్కు మోసంలో. తీరు దాదాపు ఒకటే. పలకరింపు అవ్వకముందే వారానికి ఇంత అలవెన్స్ ఇస్తానంటాడు. కలుద్దామంటే ఊళ్లో లేనంటాడు. తర్వాత చెక్కు ఫొటో పంపి, ఫోన్‌లోనే డిపాజిట్ చేయమంటాడు. ఖాతాలో మొత్తం కనబడగానే, అందులో కొంత పెట్టి గిఫ్ట్ కార్డులు కొని, గీకిన కోడ్‌ల ఫొటోలు పంపమంటాడు. చెక్కు పూర్తిగా క్లియర్ కాకముందే బ్యాంకు ఆ డబ్బు వాడుకోనిస్తుంది, కిటుకంతా అక్కడే ఉంది. రోజులో వారాలో గడిచాక చెక్కు బౌన్స్ అవుతుంది, బ్యాంకు మొత్తం వెనక్కి లాక్కుంటుంది, కార్డుల సొమ్ము మన జేబులోంచే పోతుంది. ‘అలవెన్స్ విడుదలకు ముందు చిన్న ఫీజు’ అనేది దీనికి తమ్ముడే. నిజంగా ఇచ్చేవాడు మన దగ్గర ముందు ఏమీ అడగడు. బ్యాంకు పాస్‌వర్డు అసలే అడగడు.

డబ్బిచ్చే పెద్దాయనకూ వల ఉంది. ఎక్కువగా దారి ఖర్చులంటారు, ఆ తర్వాత కనబడరు. నగదు పంపే బదులు టికెట్ మీరే బుక్ చేయండి. అవతలి వ్యక్తి వయసు మీద కాస్త అనుమానం వచ్చినా అక్కడితో ఆపేసి రిపోర్ట్ చేయండి.

ప్రొఫైల్ అసలుదేనని యాప్ వేసే టిక్కు గుర్తు కంటే అయిదు నిమిషాల వీడియో కాల్‌ను నమ్ముతాను. తల పక్కకు తిప్పమనండి, ముఖం ముందు చెయ్యి ఆడించమనండి. ముఖం మార్చే ఫిల్టర్ ఉంటే ఆ క్షణంలో చెదిరే అవకాశం ఎక్కువ. కెమెరా పాడైందని రెండోసారి కూడా తప్పించుకుంటే వదిలేయండి.

దూరం చూపే సెట్టింగ్ ఆపేయండి. మూడు చోట్ల నుంచి దూరం కొలిస్తే మనిషి ఉన్న చోటు తేలిపోతుంది. అంకె దాచినా, దగ్గరివాళ్లు ముందు కనబడే వరుసను బట్టి అంచనా వేయగలరు. మగవాళ్ల మధ్య సంబంధం ఇంకా నేరంగా ఉన్న దేశాల్లో ఇది ప్రాణం మీదికి వస్తుంది. మరెక్కడా పెట్టని ఫొటోనే ప్రొఫైల్‌కు వాడండి. ఫేస్‌బుక్‌లో ఉన్నదే పెడితే, ఇమేజ్ సెర్చ్‌లో మీ అసలు పేరు బయటపడే ప్రమాదం ఉంది.

మొదటిసారి కలిసేది జనం ఉన్న చోట. ఎవరి బండిలో వాళ్లు వెళ్లాలి, ఎక్కడున్నారో ఒక స్నేహితుడికి తెలియాలి. నెలకు ఎంత, ఎన్నిసార్లు కలవాలి, కానుకలా నగదా అన్నది ముఖాముఖిగా తేల్చుకోవడం మంచిది. డబ్బు తీసుకున్నంత మాత్రాన దేనికీ ఒప్పుకున్నట్టు కాదు. ఎక్కువిస్తాను, కండోమ్ వద్దు అంటే లేచి వచ్చేయండి. ప్రెప్ (హెచ్‌ఐవీ సోకకుండా ముందుగా వాడే మందు) హెచ్‌ఐవీని అడ్డుకుంటుంది కానీ సిఫిలిస్, గనేరియాలను ఆపదు.

ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తే డబ్బు కట్టొద్దు, కట్టినవాడినే మళ్లీ అడుగుతారు. చాట్‌ను స్క్రీన్‌షాట్ తీసి దాచి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ మీ ఫోన్‌లోనే ఆ ఫొటోకు డిజిటల్ వేలిముద్ర లాంటి కోడ్ తయారుచేస్తుంది. ఫొటో మీ ఫోన్ దాటదు, ఆ కోడ్ మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికలకు చేరి, అక్కడ అదే ఫొటో పడకుండా ఆపడానికి పనికొస్తుంది.

మానేయాలనుకుంటే ముందు స్టోర్‌లో చందా రద్దు చేసి, తర్వాత ఖాతా తొలగించి, చివర్లో యాప్ తీసేయండి. యాప్ ఒక్కటే తీసేస్తే చందా కోత ఆగదు, ప్రొఫైల్ కూడా అక్కడే ఉండిపోతుంది.