బోరు నీళ్ల గారకు నిమ్మ ఉప్పు: ఏళ్లుగా వాడాక

మన నల్లగొండ దిక్కు తాగడానికి మిషన్ భగీరథ (సర్కారు తాగునీటి పథకం) నీళ్లు వచ్చినా, స్నానానికీ బట్టలకూ చాలా ఇళ్లల్లో ఇంకా బోరు నీళ్లే. అవి పారిన ప్రతిచోటా తెల్లగా సున్నపు గార కడుతుంది. నల్లా ధార పక్కకు చిమ్మినా, షవర్ రంధ్రాలు మూసుకుపోయినా, హీటర్ రాడ్డు తొందరగా పాడైనా కారణం అదే. ఒక్కోదానికి ఒక్కో సీసా కొనే పని లేదు, కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. బాత్రూం యాసిడ్ ఘాటు లేదు, నల్లాల మెరుపూ పోదు. పదికి ఎనిమిది మార్కులు వేస్తా.

లీటరు నీళ్లకు 50 గ్రాములు కలపాలి, టీ స్పూనుతో దాదాపు పది. ఒక్క చెంచా వేసి "ఏం పనిచేయలే" అనేవాళ్లే ఎక్కువ. 1 గ్రాము గార కరగాలంటే 1.3 నుంచి 1.4 గ్రాముల నిమ్మ ఉప్పు ఖర్చవుతుంది. బుడగలు ఆగిపోయి గార ఇంకా మిగిలిందంటే ఆ నీళ్లలో పులుపు అయిపోయినట్టే. రాత్రంతా నానబెట్టినా లాభం లేదు, పారబోసి కొత్తగా కలుపుకోవాలి.

నీళ్లు చేయి పెట్టగలిగినంత వేడిగా ఉంటే పని జల్దీ అవుతుంది. మరిగించొద్దు. కరిగిన సున్నం నిమ్మ ఉప్పుతో కలిసి కాల్షియం సిట్రేట్ అవుతుంది. వేడి పెరిగేకొద్దీ అది నీళ్లలో నిలవక తెల్ల పిండిలా అడుగున దిగుతుంది. కెటిల్‌లో ఆ పిండిని చూసి గార పోలేదనుకుని మళ్లీ మళ్లీ మరిగిస్తుంటారు.

హీటర్ రాడ్డుకైతే ముందు ప్లగ్గు పీకి పూర్తిగా చల్లారనివ్వాలి. పొడుగాటి ప్లాస్టిక్ జగ్గులో కాయిల్ వరకే ముంచాలి, వైరు దిగే పైభాగానికి తడి తగలొద్దు. గంటలో గార రేకులు రేకులుగా లేస్తుంది, పాత టూత్ బ్రష్‌తో రుద్దితే రాలిపోతుంది. కత్తితో గీకితే పై గొట్టం మీద గాట్లు పడతాయి, తర్వాత గార అక్కడే ముందు పట్టుకుంటుంది. కడిగి ఆరబెట్టాకే మళ్లీ వాడాలి.

షవర్‌ను ఊడదీయనక్కర్లేదు. పాలిథిన్ కవర్లో ద్రావణం పోసి, షవర్ మునిగేలా తొడిగి రబ్బరు బ్యాండు వేస్తే అరగంట చాలు. నల్లా మూతిలోని జాలీని మాత్రం విప్పి నానబెట్టాలి. పట్టకారుకు గుడ్డ చుట్టకపోతే క్రోమ్ గీరుకుపోతుంది. ఇత్తడి వస్తువులు ఎక్కువసేపు ఉంచితే ఎర్రబారతాయి. అల్యూమినియం గిన్నెలకు వద్దేవద్దు.

గోడ టైల్స్ మీద గార పోతుంది గానీ, మధ్యలో పూసిన తెల్ల సిమెంటునూ తింటుంది. ముందు మామూలు నీళ్లతో గోడంతా తడిపితే సిమెంటు పులుపును అంతగా పీల్చదు. పది నిమిషాలకు మించకుండా కడిగేయాలి.

ఇక ఆ రెండు మార్కులు ఎందుకు తగ్గాయంటే, మన ఇళ్లల్లో కింద పరిచేవి తాండూరు, షాబాదు బండలు. అవి సున్నపురాయి. గారను కరిగించే పులుపు బండనూ కరిగిస్తుంది. నాలుగు చుక్కలు పడి ఆరితే చాలు, మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. ఎంత తుడిచినా పోదు, పాలిష్ పట్టించాల్సిందే. మార్బుల్, మొజాయిక్ కూడా అంతే. అందుకే ఏది నానబెట్టినా బకెట్లోనో టబ్బులోనో పెట్టి చేయాలి, బండల మీద కాదు.

బ్లీచింగ్ పౌడర్‌తో అస్సలు కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. 1000 లీటర్ల ట్యాంకుకు పనికిరాదు, ఈ లెక్కన 50 కిలోలు కావాలి, దాని బదులు దిగి తోమడమే నయం. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పోతుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. పోదు. ఇది పట్టిన గారను తీస్తుందే గానీ నీళ్లను బాగుచేయదు.

చిన్న ప్యాకెట్ల కన్నా కిలో లెక్కన కొంటే చవక. వానాకాలంలో గడ్డ కడుతుంది, అయినా బలం తగ్గదు. గడ్డను చెంచాతో కొలవలేం కాబట్టి తూకం వేసుకోవాలి. చూడ్డానికి అచ్చం చక్కెరే కనుక డబ్బా మీద పేరు రాసి, వంటింటి అరలో కాకుండా వేరే చోట పెట్టండి.