కేబుల్‌ను మోసే గోడ ఆర్మ్: రెండు వర్షాకాలాలు వాడిన తరువాత

కారు ఛార్జింగ్ కేబుల్‌ను పైనుంచి వేలాడదీయడానికి మా పోర్టికో గోడకు బిగించుకున్న తిరిగే ఆర్మ్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది, గన్‌ను, అంటే కేబుల్ కొసనున్న ప్లగ్‌ను, కారు నుంచి తీసి హోల్డర్‌లో పెట్టగానే అది ఎవరూ తొయ్యకుండానే నెమ్మదిగా వెళ్లి గోడకు ఆనుకోవడం. కేబుల్ బురదలో పడకపోవడం, స్కూటరు చక్రం కింద నలగకపోవడం, దాని బరువు కారు సాకెట్ మీద పడకపోవడం ముందే ఆశించినవి. ఈ తిరిగి వెళ్లే గుణం ఇంత సుఖమిస్తుందని మాత్రం వాడితే గాని తెలియలేదు.

ఇందులో స్ప్రింగు ఏదీ లేదు. రెండు హింజులు మేస్త్రి తూకపు గుండుకు సరిగ్గా ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటే ఆర్మ్‌ను ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. పై హింజును కింది దానికంటే కాస్త ఎడమకు జరిపితే, ఎడమవైపు గోడ దగ్గరకు వెళ్లేకొద్దీ ఆర్మ్ కొస కొద్దిగా కిందికి దిగుతుంది, కాబట్టి దాని బరువే దానిని అటు లాగుతుంది. మా హింజుల మధ్య దూరం 15 సెంటీమీటర్లు. 3 మిల్లీమీటర్ల జరుపు సరిపోయింది.

మొదటి వర్షాకాలం ముగిసేసరికి ఆ ఆర్మ్ గోడ దాకా వెళ్లడం మానేసి సగం దారిలో ఆగసాగింది, ఆ తరువాత ఏకంగా కారు వైపే రాసాగింది. కేబుల్ చుట్ట కారు పోర్టికోలోకి వచ్చే దారికి అడ్డంగా వేలాడేది. బిగించిన వెల్డింగ్ షాపువారు వచ్చి హింజును మరికొంత ఎడమకు జరిపారు; కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ అదే తీరు. చివరకు గుండు వేసి చూస్తే తేడా ఎడమ కుడులలో లేదు, పై బోల్టు గోడ నుంచి బయటకు వచ్చింది. ఆర్మ్ పొడవు 1.8 మీటర్లు, బరువు 4 కిలోలు, కొసన కేబుల్ భారం సుమారు 2 కిలోలు. చూడడానికి తక్కువే అయినా, 15 సెంటీమీటర్ల ఎడం ఉన్న హింజులలో పైదానిని అది దాదాపు 48 కిలోల బలంతో గోడ నుంచి లాగుతుంది. మా గోడ ఏఏసీ బ్లాకులది, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకులది. కాంక్రీటులో గట్టిగా పట్టుకునే వెడల్పయ్యే యాంకర్ బోల్టు, ఆ గుల్ల పదార్థంలో తన చుట్టూ ఉన్నదానిని నలిపి తానే వదులవుతుంది. 3 మిల్లీమీటర్లు బయటకు వచ్చిందంటే ఎడమకు ఎంత వాలు ఉందో ముందుకూ అంతే వాలు వచ్చినట్టు, కనుక ఆర్మ్ ఏటవాలుగా నడిమధ్యన నిలుస్తుంది.

వేరే మేస్త్రి చేత హింజుల ఎడాన్ని 60 సెంటీమీటర్లకు పెంచి, గోడ గుండా అవతలి దాకా వెళ్లే బోల్టులు వేయించి అవతలి వైపు ఇనుప ప్లేటు పెట్టించాము. లాగుడు 12 కిలోలకు తగ్గింది, ఎడమ జరుపును అదే నిష్పత్తిలో 12 మిల్లీమీటర్లు చేశారు. రెండవ వర్షాకాలమంతా బోల్టులు కదలలేదు.

ఆర్మ్‌ను గోడ వైపు నడిపించే బలం చాలా స్వల్పమైనది కాబట్టి, చలికాలపు ఉదయాలలో కేబుల్ బిరుసెక్కితే అది గోడకు జానెడు దూరంలోనే ఆగిపోతుంది. హింజులకు గ్రీజు ఆరినా అంతే. సాకెట్ మీద బరువు పడదన్న మాట కూడా ఆర్మ్ కొస సాకెట్‌కు ఇంచుమించు నెత్తిన ఉన్నప్పుడే నిజం. కారు కాస్త వెనుక ఆగిన రోజున కేబుల్ ఏటవాలుగా సాగి గన్‌ను పక్కకు లాగుతుంది. కొసన ఉన్న సన్నని కొక్కెం కేబుల్ తొడుగును గీస్తున్నందువల్ల, దాని స్థానంలో 6 అంగుళాల పీవీసీ పైపును నిలువునా సగానికి కోసి జీనులా బిగించాము.

మా కారు సాకెట్ వెనుక ఎడమ పక్కన ఉంది, కారును రోజూ ఒకే తీరున పెడతాము, ఇల్లు సొంతం. ఈ మూడూ కుదిరాయి కనుకనే నాకు ఇది ఇంతగా నచ్చింది. ఎంజీ జడ్‌ఎస్ ఈవీ లాగా ముక్కు మీద సాకెట్ ఉన్న కారుకు ఇదే పొడవు, ఇదే చోటు పనికిరాకపోవచ్చు. అద్దె ఇంట్లో గోడ గుండా అవతలి దాకా రంధ్రాలు వేయనివ్వకపోవచ్చు. ఏఏసీ గోడ ఉన్నవారు దగ్గరలో ఆర్‌సీసీ పిల్లర్ ఉందేమో ముందుగా చూసుకోవాలి. ఉంటే, ఆర్మ్ కొంత పొడవు పెరిగినా సరే, దానికే బిగించమని నేను గట్టిగా చెబుతాను.