ఎమ్మన్సా, మూనీయా? పెడల్ స్టీల్‌లో పాటకి ఎవరు మేలు?

కంట్రీ మ్యూజిక్ వినే మనవాళ్లలో పెడల్ స్టీల్ (పడుకోబెట్టి, తీగల మీద కడ్డీ జరుపుతూ, కాలి పెడళ్లతో స్వరాలు మార్చే గిటార్) మాట వస్తే చాలు, తిరిగి తిరిగి ఒకటే ప్రశ్న: బడ్డీ ఎమ్మన్స్ గొప్పా, రాల్ఫ్ మూనీ గొప్పా? ఈ మధ్య స్టీల్ కొనుక్కున్న ఒకాయనైతే "ఇద్దరిలో ఎవర్ని పట్టుకుని నేర్చుకోమంటారు?" అని నిలదీశాడు. గొప్ప ఎవరంటే జవాబు తేలికే, ఎమ్మన్స్. అందులో వాదించడానికేం లేదు. పాటకి ఎవరు మేలంటే మాత్రం నా ఓటు మూనీకి.

ముందు ఎమ్మన్స్ సంగతి. 1937లో ఇండియానాలో పుట్టాడు. 1955లో, ఇంకా కుర్రాడిగా ఉండగానే, లిటిల్ జిమ్మీ డికెన్స్ బ్యాండులో చేరాడు. తర్వాత షాట్ జాక్సన్‌తో కలిసి షో-బడ్ స్టీల్ తయారుచేశాడు, అది వదిలి తన పేరుతోనే ఇంకో కంపెనీ పెట్టాడు. 1963లో ఏకంగా జాజ్ ఆల్బమ్ చేశాడు. ఇవాళ ఏ ఇ-నైన్ (కంట్రీలో మామూలుగా వాడే శ్రుతి అమరిక) స్టీల్ ముందు కూర్చున్నా మొదటి రెండు తీగలు ఆయన చలవే, 1962 ప్రాంతంలో ఆయన చేర్చినవి. ఆ పక్కనే ఉన్న మూడో తీగ, సన్నగా ఖంగుమనేది, మూనీ పెట్టిందని చెబుతారు. అంటే ఎవరి పక్షం వహించినా వేళ్లు ఇద్దరి తీగల మీదా పడక తప్పదు.

తేడా కాలి దగ్గర మొదలవుతుంది. ఇ-నైన్‌లో మొదటి రెండు పెడళ్లు కలిపి తొక్కితే ఏమవుతుందో మన స్వరాల్లో చెప్పుకుంటే సులువు: 'స' కదలదు, 'గ' పైకెళ్లి 'మ' అవుతుంది, 'ప' పైకెళ్లి 'ద' అవుతుంది. కంట్రీ స్టీల్ ఏడుపులో సగం ఈ ఒక్క తొక్కుడులోనే ఉంది. ఎమ్మన్స్ దీన్ని నెమ్మదిగా తొక్కుతాడు. 'ప' నుంచి 'ద' దాకా దారంతా వినిపిస్తుంది. కుడికాలు వాల్యూమ్ పెడల్ మీద ఉంటుంది కదా, తీగ నాదం తగ్గుతున్న కొద్దీ దాన్ని కొంచెం కొంచెం నొక్కుతూ పోతాడు. దాంతో స్వరం ఎక్కడ పుట్టిందో, ఎక్కడ ఆగిందో పట్టుకోలేం. మూనీ అలా కాదు. మీటిన వెంటనే టక్కున తొక్కుతాడు, వదిలేస్తాడు. మీటు చప్పుడు దాచుకోడు. పోలిక పూర్తిగా కుదరదు గానీ, మన కర్ణాటక సంగీతం గమకాల్లో చెప్పాలంటే ఎమ్మన్స్‌ది జారు, మూనీది స్ఫురితం అనుకోండి.

ఇదంతా సొంత ఇష్టాల గొడవ అనిపించొచ్చు. కానీ నా లెక్కలో తేల్చేది ఇంకొకటుంది: పాడేవాడి లైను అయిపోయాక ఏం జరుగుతుంది? కంట్రీ పాటలో స్టీల్‌కి దొరికే చోటే అది, రెండు మూడు సెకన్లు. 1966లో మెర్ల్ హాగర్డ్ పాడిన 'స్వింగింగ్ డోర్స్'లో మూనీని ఒకసారి శ్రద్ధగా వినండి. హాగర్డ్ మాట ముగించగానే దూరతాడు, ఒక ముక్క అంటాడు, కుడి అరచేతి అంచుతో తీగల నోరు మూసేస్తాడు. తర్వాతి లైనుకి చోటు ఖాళీగా ఉంటుంది. అదే చోట ఎమ్మన్స్ ఉంటే అంతకంటే అందమైనదే వాయించేవాడు, అనుమానం లేదు. ఆ అందం వెంట మన చెవి వెళ్లిపోతుంది, హాగర్డ్ తర్వాతి మాట సగం జారిపోతుంది. నా గొడవ అక్కడే.

దీనికి ఊళ్ల తేడా కూడా కారణమే. మూనీ వాయించింది కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ సంగీతం, అది డ్యాన్స్ హాళ్లలో పెరిగింది. డ్రమ్స్ మోత, టెలీకాస్టర్ గిటార్ల కరుకు, తాగినవాళ్ల గోల. వాటన్నిటినీ చీల్చుకుని వినబడాలంటే పొట్టిగా, పదునుగా వాయించాల్సిందే. కంట్రీ రికార్డులకి కేంద్రమైన నాష్‌విల్‌లో ఆ రోజుల్లో వయొలిన్లు, కోరస్‌లు పెట్టి రికార్డులు మెత్తబరుస్తున్నారు. ఎమ్మన్స్ నునుపు అందులో చక్కగా ఒదిగింది.

మూనీ పాటలు రాసినవాడు కూడా. 'క్రేజీ ఆర్మ్స్' ఆయన, చక్ సీల్స్ కలిసి రాసిందే. 1956లో రే ప్రైస్ పాడితే 20 వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది. పాట రాసినవాడికి మాట ఎక్కడ వినబడాలో తెలుస్తుందని నా అనుమానం. (తమాషా ఏంటంటే ఎమ్మన్స్ తర్వాత చేరింది ఆ రే ప్రైస్ బ్యాండులోనే.)

అలాగని మూనీని ప్రతి పాటకీ అతికించలేం. రే ప్రైస్ 'నైట్ లైఫ్' లాంటి నిదానమైన బ్లూస్‌కి ఎమ్మన్సే కావాలి. అక్కడ స్టీల్ మాటల సందుల్లో దూరడం కాదు, పాటంతా పరుచుకోవాలి. మూనీ టకటకలు అక్కడ పెళ్లిలో తగువులా ఉంటాయి.

నేర్చుకునేవాళ్లకి మాత్రం సలహా తిరగబడుతుంది. మొదట ఎమ్మన్స్ కుడిచెయ్యినే పట్టుకోండి. మీటిన తీగ తప్ప మిగతావి మోగకుండా ఆపడం చేతికి రాకముందే మూనీ వేగం ఎత్తుకుంటే మిగిలేది రొద. చెవికి మూనీ, చేతికి ఎమ్మన్స్, మొదటి ఏడాదికి ఇంతే.

మిగతావాళ్ల గురించీ అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. లాయిడ్ గ్రీన్ ఈ ఇద్దరికీ మధ్యలో ఉంటాడు, ఎవరికీ తగువు రాదు. టామ్ బ్రమ్లీకి 1964లో బక్ ఓవెన్స్ 'టుగెదర్ అగైన్' మధ్యలో వాయించిన సోలో ఒక్కటి చాలు. నోట్లో గొట్టం పెట్టుకుని స్టీల్‌తో మాట్లాడించిన పీట్ డ్రేక్‌ని సరదాకి ఒకసారి వినొచ్చు.

ఇక కొనేటప్పుడు ఎమ్మన్స్ సెటప్పా, డే సెటప్పా అని టెన్షన్ పడకండి. పెడళ్ల వరస ఒకదానిలో ఎడమ నుంచి కుడికి, ఇంకోదానిలో కుడి నుంచి ఎడమకి, అంతే తేడా. ఏది చవగ్గా, దగ్గర్లో దొరికితే అది తీసుకోండి.