ప్రకాశం బజార్ చాచా నా తోలు జాకెట్‌కు ప్యాచ్ కుట్టిన తీరు

నా జాకెట్ ఎడమ ఛాతీ మీద పేరు పట్టీని నిరుడు ఒక టైలర్ దగ్గర కుట్టించాను. చొక్కాకు జేబు కుట్టినట్టు సన్నటి కుట్టు వేశాడు, అదీ లోపలి లైనింగ్‌తో కలిపి. వేసుకుంటే ఛాతీ దగ్గరంతా ముడతలు. విప్పించేశాను. బట్టకు పడ్డ సూది రంధ్రం ఉతికితే కలిసిపోతుంది, తోలుకు పడ్డది అలాగే ఉండిపోతుంది. మేకతోలు జాకెట్ అది, రెండేళ్లు డబ్బులు దాచి కొనుక్కున్నాను. ఆ రంధ్రాల వరస కనిపించినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

అందుకే ఈసారి నల్లగొండ ప్రకాశం బజార్‌లో బ్యాగులు, బూట్లు బాగుచేసే చాచా దగ్గరికి తీసుకెళ్లాను. షాపుకు బోర్డు లేదు. జాకెట్ చేతికివ్వగానే ఆయన ముందు తిరగేసి లోపల చూశాడు. "బేటా, అస్తర్ విప్పకుండా ఎవరు కుట్టారు దీన్ని?" అన్నాడు. సరైన చోటికే వచ్చానని అప్పుడే నమ్మకం కుదిరింది.

నాది ఏ-2 నమూనా. అమెరికా సైన్యం తమ విమాన సిబ్బంది కోసం 1931లో తీసుకున్న జాకెట్ అది. దాని మీద ఏ గుర్తులు పెట్టకూడదన్నది మా బాపు (నాన్న) తేల్చాడు. బాపు వైమానిక దళంలో విమానాల బాడీ రిపేర్లు చేసి రిటైరయ్యాడు. "రెక్కల బ్యాడ్జి పైలట్లది. నేనే పెట్టుకోలేదు, నువ్వెట్ల పెట్టుకుంటవ్? ర్యాంకు కూడా వద్దు" అన్నాడు. నిజమే. ఇప్పటి సైన్యం గుర్తులు తగిలించుకుని సైనికుడినని నమ్మించబోతే చట్టప్రకారం నేరం కూడా. అందుకని పాత గుర్తు, మన దేశంతో సంబంధమున్నది ఎంచుకున్నాను: రెండో ప్రపంచయుద్ధంలో చైనా-బర్మా-ఇండియా రంగంలో పనిచేసిన అమెరికన్ల డాలు గుర్తు. పైన నీలం మీద ఒక పక్క చైనా సూర్యుడు, ఇంకో పక్క ఇండియా నక్షత్రం, కింద ఎరుపు తెలుపు నిలువు చారలు. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసిన వాళ్లు భుజాన పెట్టుకున్నది ఇదే. వాళ్లలో చాలామంది ఈ ప్యాచ్‌లను మన దేశపు బజార్లలోనే తోలుతో, జరీతో చేయించుకున్నారు. ఆన్‌లైన్‌లో దొరికే మిషన్ ఎంబ్రాయిడరీ ప్యాచ్ కంటే నల్లగొండలో చేతితో కోసిన తోలు ప్యాచే అసలుకు దగ్గర. అలాంటిది చేయమని నేను చాచాను అడిగింది అందుకే.

ఆయన రంగు రంగుల తోలు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి డాలు తయారుచేశాడు. తెల్లతోలు సూర్యుడు పావలా బిళ్ల కంటే చిన్నది. మొదట పదకొండు కిరణాలే వచ్చాయి. పన్నెండు ఉండాలని ఫోన్‌లో ఫొటో చూపిస్తే, ఏమీ అనకుండా అది పీకేసి కొత్తది కోశాడు.

కుట్టడం దగ్గర గంటసేపు నిలబడి చూశాను. జాకెట్ అడుగున లైనింగ్ ఒక జానెడు విప్పి, అందులోంచి చేయి పెట్టి చేతి లైనింగ్‌ను పక్కకు లాగాడు. గుండుసూదులు వాడలేదు, అవీ రంధ్రాలు చేస్తాయి కదా. అంచులకు పలచగా సొల్యూషన్ రాసి, ఆరాక ప్యాచ్ నొక్కిపెట్టాడు. తర్వాత బూట్లు కుట్టే చేతి మిషన్. దాని కింది బద్ద సన్నగా పొడుగ్గా ఉంటుంది, జాకెట్ చేయి దానికి తొడిగినట్టు దూరిపోతుంది. పాదం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది కాబట్టి డాలు వంపు దగ్గర జాకెట్‌ను తిప్పి నలపాల్సిన పని లేదు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే వేశాడు, కుట్టుకు కుట్టుకు మధ్య బియ్యపు గింజంత ఎడం వదిలి. దగ్గరగా వేస్తే తోలు తపాలా బిళ్ల అంచులా తెగుతుందట. మూలల్లో మాత్రం ఆరెతో పొడిచి, మైనం రాసిన దారంతో చేతికుట్టు వేశాడు.

పాత రంధ్రాల సంగతి నేను అడగనే లేదు. పేరు పట్టీని అర అంగుళం పెద్దగా కోసి వాటిని కప్పేశాడు. కొత్త కుట్టు పాత రంధ్రాల వరసకు తగలకుండా బయటికి జరిపాడు.

రెండింటికీ కలిపి 850 రూపాయలు తీసుకున్నాడు. మూడు రోజులన్నది తొమ్మిది రోజులైంది, నాలుగుసార్లు తిరిగాను. దారం జాకెట్ రంగు కంటే కాస్త లేతగా ఉంది, ముందే అడిగి చూసుకోవాల్సింది. సొల్యూషన్ వాసన పోవడానికి వారం పట్టింది. అయినా ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఇంటికి తెచ్చాక బాపు కళ్లద్దాలు పెట్టుకుని, లైనింగ్ మళ్లీ కుట్టిన చోటు వెతికాడు. దొరకలేదు.

వెళ్లేవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం వెళ్లకండి, షాపు మూసి ఉంటుంది. జాకెట్‌ను కవర్లో పట్టుకెళ్లకుండా ఒంటి మీద వేసుకునే వెళ్లండి, ఎండ అయినా సరే. చేయి కిందికి వదిలినప్పుడు ప్యాచ్ ఏ వైపు వాలుతుందో చూసుకున్నాకే ఆయన చాక్‌తో గీత గీస్తాడు.