హోరు పోయింది, టకటక మిగిలింది: నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్‌తో పీజీ మొదటి సెమిస్టర్

డిగ్రీలో నా జూనియర్లు ఇద్దరు వచ్చే ఏడాది పీజీకి వేరే ఊరు వెళ్తున్నారు. "అక్కా, నువ్వు వాడుతున్న హెడ్‌ఫోన్స్ మమ్మల్నీ కొనుక్కోమంటావా?" అని అడిగారు. అవునని ఒక్క మాటలో చెప్పబోయి ఆగాను. పదిహేను వారాలుగా రోజూ వాడుతున్నా, నా దగ్గర ఒక్క మాట జవాబు లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఏ కంపెనీవన్నది పక్కన పెడుతున్నాను. చెవి మొత్తాన్ని కప్పే రకం, నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవి, ఏ కంపెనీవైనా సూత్రం ఒకటే. ఆ సూత్రం తెలిస్తే ఇవి ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో తెలిసిపోతుంది.

సీటు వచ్చిన వారంలోనే వీటిని కొన్నాను. ఆ వారం నా మనసు ఎలా ఉందో ఇప్పటికీ గుర్తే. పొద్దున లేవగానే సంతోషం. సాయంత్రానికి గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుండేది. ఆ ఊరు వెళ్లాలని, ఆ ల్యాబ్‌లో పనిచేయాలని రెండేళ్లు కలగన్నది నేనే. తీరా ఉత్తరం వచ్చాక అమ్మ సామాను సర్దుతుంటే, ఆ గదిలో నిలబడలేక బయటికి వెళ్లిపోయింది కూడా నేనే. కొత్త గది, ముక్కూమొహం తెలియని రూమ్మేట్, నాలుగు వైపులా మోత. వీటి మధ్య చదువు సాగాలంటే చెవులు మూసుకునే దారి ఒకటి ఉండాలనిపించింది.

ముందు ఇవి ఎలా పనిచేస్తాయో చెప్తాను. కప్పు బయట మైకు ఉంటుంది, మంచి వాటిలో లోపలా ఒకటి ఉంటుంది. బయటి మైకు రాబోయే హోరును పట్టుకోగానే, లోపలి చిప్ దానికి సరిగ్గా తిరగబడ్డ తరంగాన్ని తయారుచేసి స్పీకర్‌లోంచి వదులుతుంది. ఒకటి ఎగసే చోట రెండోది కుంగుతుంది. రెండూ కలిసి చెవి దాకా వచ్చేసరికి మిగిలేది చాలా తక్కువ. డిగ్రీలో వ్యతికరణం అని బోర్డు మీద చదువుకున్నది ఇదే. ఈ ఆలోచనకు జర్మనీకి చెందిన పాల్ లూగ్ 1936లోనే అమెరికాలో పేటెంట్ పొందాడు. 1978లో ఎంఐటీ ప్రొఫెసర్ అమర్ బోస్ విమానంలో వెళ్తూ, ఇంజిన్ హోరులో హెడ్‌ఫోన్స్ సరిగా వినపడక, ఆ ప్రయాణంలోనే లెక్కలు మొదలుపెట్టాడు. పైలట్ల కోసం హెడ్‌సెట్ బయటికి రావడానికి 1989 దాకా పట్టింది. ఒక హోరును అణచడానికి అన్నేళ్ల పని.

అన్ని చప్పుళ్లనూ ఇవి ఒకేలా ఆపలేవు. 100 హెర్ట్జ్ మోత, అంటే సెకనుకు వంద సార్లు ఎగసిపడే తరంగం, పొడవు దాదాపు 3.4 మీటర్లు. అది నిదానంగా ఎగసి నిదానంగా కుంగుతుంది, ఎదురు తరంగం పంపడానికి చిప్‌కు తీరిక దొరుకుతుంది. 3,000 హెర్ట్జ్ దగ్గర అదే పొడవు 11 సెంటీమీటర్లకు పడిపోతుంది. సెకనులో పదివేలో వంతు ఆలస్యమైనా లెక్క తప్పుతుంది. అందుకే బస్సు ఇంజిన్, ఏసీ, ఫ్యాన్ గాలి లాంటి ఆగకుండా సాగే బరువైన మోతను ఇవి బాగా తగ్గిస్తాయి. మనిషి మాట, తలుపు చప్పుడు, గిన్నె కిందపడ్డ చప్పుడు లాంటివి మాత్రం చాలావరకు దూరి వస్తాయి. వాటిని కాస్తో కూస్తో ఆపేది చెవి చుట్టూ ఉండే మెత్తే.

ఇది నాకు మొదటి రాత్రే అనుభవమైంది. గదిలో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది. రూమ్మేట్ అప్పటికే నిద్రపోయింది. కొత్త మంచం, కొత్త దిండు, కిటికీ అవతల ఎవరివో అడుగులు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బటన్ నొక్కాను. ఫ్యాన్ హోరు ఒక్కసారిగా నీళ్లలో మునిగినట్టు దిగిపోయింది. ఒక్క క్షణం ఎంత హాయిగా అనిపించిందో. ఆ వెంటనే ఇంకొకటి బయటపడింది. టక్. టక్. టక్. ఫ్యాన్ చుట్టు తిరిగినప్పుడల్లా ఒక టక్. హోరు ఉన్నంతసేపు దాని కింద దాగి ఉన్న చప్పుడది. పైన దుప్పటి తీసేసినట్టయి, చెవిలోనే కొడుతున్నట్టు వినపడసాగింది. హెడ్‌ఫోన్స్ తీస్తే హోరు, పెడితే టకటక. తీస్తూ పెడుతూ తెల్లవారుజాము దాకా మేలుకునే ఉన్నాను.

నిద్రపట్టకపోవడం ఫ్యాన్ తప్పు మాత్రమే కాదని తర్వాత చదివాను. కొత్త చోట మొదటి రాత్రి మన మెదడులో ఒక సగం రెండో సగమంత గాఢంగా నిద్రపోదని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో చూపించారు. ఆ సగం కాపలా కాస్తుంది, వింత చప్పుడు వినపడగానే మనల్ని లేపుతుంది. అదే చోట మళ్లీ పడుకున్నప్పుడు ఆ తేడా తగ్గిపోయింది. ఇది ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి 'నేనిక్కడ ఉండలేనేమో' అని అంత కుమిలిపోయేదాన్ని కాదు. వచ్చే ఏడాది వెళ్తున్న మీరిద్దరూ ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మొదటి రాత్రి పట్టని నిద్రను చూసి మొత్తం ఊరి మీద తీర్పు చెప్పేయకండి.

ఇక లైబ్రరీ. ఇక్కడ మాత్రం వీటికి వంక పెట్టలేను. పెద్ద హాలు, పైన ఏసీ గొట్టాల మోత. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పాటలేవీ లేకుండా, ఉట్టి క్యాన్సిలేషన్ మీద మూడు నాలుగు గంటలు కదలకుండా చదవగలిగాను. ఇంకో లాభం కూడా ఉంది. బయటి మోత తగ్గితే వాల్యూమ్ పెంచాల్సిన పని ఉండదు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండొద్దని అమెరికాలో పనిచోట ఆరోగ్యం, భద్రతల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ చెప్తుంది. అక్కణ్నుంచి పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. బస్సులో మామూలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫుల్ సౌండ్ పెట్టే అలవాటున్న నాకు ఇది నిజమైన మేలు.

ఆ లైబ్రరీలోనే ఐదో వారంలో ఒక సాయంత్రం, రెండు రోజులుగా తేలని ఒక క్వాంటమ్ మెకానిక్స్ లెక్క తేలింది. పెన్ను కింద పెట్టి చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయాను. నేను రావాల్సిన చోటికే వచ్చాను అని మొదటిసారి గట్టిగా అనిపించింది. ఆ రోజంతా ఇల్లు గుర్తే రాలేదు. రాత్రి పడుకోబోతూ, ఇవాళ ఇల్లు గుర్తు రాలేదన్న సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. బెంగ పెట్టుకున్నా బాధే, పెట్టుకోకపోయినా బాధే.

హెడ్‌ఫోన్స్ వల్ల నాకు జరిగిన నష్టం మాత్రం గదిలో జరిగింది. మొదటి మూడు వారాలు గదిలో ఉన్నంతసేపు అవి నా తల మీదే ఉన్నాయి. చదువుతున్నా, చదవకపోయినా. రూమ్మేట్ నాతో మాట్లాడట్లేదని లోలోపల నొచ్చుకున్నాను. అమ్మతో చెప్పి ఏడ్చాను కూడా. నాలుగో వారం చార్జింగ్ అయిపోయి అవి బల్ల మీద ఉన్న రోజు ఆ అమ్మాయే పలకరించింది. "నువ్వు అవి పెట్టుకుని ఉంటే పిలవాలో వద్దో తెలిసేది కాదు. డిస్టర్బ్ చేస్తానేమోనని ఊరుకున్నాను" అంది. తనకూ ఇల్లు వదిలి రావడం ఇదే మొదటిసారట. రెండు మంచాల మధ్య నాలుగడుగుల దూరంలో మేమిద్దరం ఒకే దిగులును మూడు వారాలు విడివిడిగా మోశాం. సాయంత్రాలు వరండాలో అందరూ కూడి మాట్లాడుకుంటారనీ, మొదటి వారమే అందరూ కలిసి ఊరు చూడటానికి వెళ్లారనీ నాకు అప్పుడే తెలిసింది. ఆ వారం మళ్లీ రాదు. ఈ హెడ్‌ఫోన్స్ గురించి నాకున్న గట్టి ఫిర్యాదు ఇదే, కానీ దాన్ని కంపెనీకి పంపలేను.

కాల్స్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇల్లు వదిలిన వాళ్లకు వీటి అసలు ఉపయోగం అదే. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో పాటలు ఎంత బాగా వినపడినా, మైకు కూడా వాడే కాల్ మొదలవగానే చాలావాటిలో ధ్వని సన్నబడిపోతుంది. నావీ అంతే. అమ్మ గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుండేది. దానికి అలవాటుపడ్డాను. అలవాటుపడలేనిది ఇంకొకటుంది. అమ్మ మాట్లాడుతుంటే వెనకాల ఏమీ వినపడేది కాదు. మా ఇల్లు ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండదు. టీవీ మోగుతుంటుంది, తమ్ముడు మెట్లు దిగితే ఇల్లంతా అదురుతుంది, నాన్న తలుపు తీస్తే గడియ కీచుమంటుంది. కాల్‌లో మాత్రం అమ్మ మాట, మాటకూ మాటకూ మధ్య శూన్యం. నేను వచ్చేశాక ఇల్లు బోసిపోయిందేమో, నా కోసం టీవీ కూడా పెట్టుకోవట్లేదేమో అని నెల రోజులు ఊహించుకుని బాధపడ్డాను.

నిజం ఏమిటంటే, వీడియో కాల్ చేసే యాప్‌లే ఆ పని చేస్తున్నాయి. మనిషి గొంతును ఉంచి మిగతాదంతా చెత్త కింద లెక్కేసి ఊడ్చేస్తాయి. మేం వాడేది జూమ్. అందులో ఒరిజినల్ సౌండ్ అని ఒక సెట్టింగ్ ఉంది. సంగీతం వాయించేవాళ్ల కోసం పెట్టింది. అది ఆన్ చేస్తే మైకు విన్నదాన్ని ఆ ఊడ్చే పని లేకుండా పంపుతుంది. తమ్ముడితో చెప్పి ఒక ఆదివారం పెట్టించాను. "అక్కా, పెట్టా" అన్నాడు. అంతే, ఇల్లు మొత్తం చెవుల్లోకి వచ్చిపడింది. టీవీ, వీధిలో స్కూటర్, ఎక్కడో దూరంగా నాన్న దగ్గు. అమ్మ ఏదో చెప్తూనే ఉంది, ఏం చెప్పిందో నాకు గుర్తులేదు. నా కళ్లు తుడుచుకోవడానికి కెమెరా ఆపేయాల్సి వచ్చింది.

మీరు ఏం కొన్నా, కొనకపోయినా, ఈ సెట్టింగ్ మాత్రం ఇంట్లో వాళ్లకు నేర్పి వెళ్లండి.

చిన్న చిన్న సంగతులు కొన్ని. రెండు గంటలు దాటితే చెవుల చుట్టూ చెమట పడుతుంది. పెట్టుకుని నడిస్తే మన అడుగులు మన తలలోనే దబదబమని మోగుతాయి, చెవి మూసుకుంటే ఎవరికైనా అంతే. రోడ్డు మీద నడిచేటప్పుడు క్యాన్సిలేషన్ పూర్తిగా ఆపేయండి, వెనక వచ్చే బండి ఇంజిన్ మోతనే ఇది ముందుగా మాయం చేస్తుంది. బయటి చప్పుడును లోపలికి వదిలే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉందో లేదో కొనేముందు చూడండి. నేను ఇప్పుడు గదిలో ఎక్కువగా వాడేది దాన్నే. చెవి మెత్తలు విడిగా మార్చుకునే వీలుండాలి.

కొనమంటావా అంటే, కొనండి. కానీ వెళ్లగానే వద్దు. మొదటి నెల ఆ ఊరి మోతను చెవులారా వినండి, తల ఎంత పగిలినా సరే. నెల తర్వాత కొని లైబ్రరీలో పెట్టుకోండి. గదిలో పెట్టుకుంటే, పక్క మంచం మీద ఉన్నవాళ్లతో "నన్ను ఎప్పుడైనా పిలవొచ్చు" అని ముందే చెప్పండి.

నిన్న రాత్రి కాల్‌లో అమ్మ, "మా చప్పుళ్లన్నీ వింటున్నావుగా, నీ గది చప్పుడు మాకూ వినిపించు" అంది. హెడ్‌ఫోన్స్ తీసేసి, ల్యాప్‌టాప్ మైకు పెట్టి, నా వైపు కూడా ఒరిజినల్ సౌండ్ ఆన్ చేశాను. ఎవరం మాట్లాడలేదు. కాసేపటికి నాన్న గొంతు దగ్గరగా వచ్చింది. మామూలుగా నాన్న ఫోన్‌లో "బాగున్నావా, సరే, అమ్మకిస్తున్నా" తప్ప ఇంకేమీ అనరు.

"ఆ టకటక ఏంటమ్మా? ఫ్యానేనా?"

"అవును నాన్నా. వచ్చిన రోజు నుంచీ అంతే."

"స్పీడు తగ్గించు. ఆఁ. ఇప్పుడు పెంచు. ఇంకొకటి పెంచు." నాలుగు స్పీడ్లూ విడివిడిగా విన్నారు. "రెక్క దగ్గర స్క్రూ వదులైనట్టుంది. అలా వదిలేయకూడదు. రేపు పగలు స్క్రూడ్రైవర్ ఒకటి సంపాదించి కాల్ చెయ్యి, వీడియోలో చూస్తూ చెప్తాను. స్విచ్ ఆపి, రెక్కలు పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టు."

స్క్రూడ్రైవర్ రూమ్మేట్ పెట్టెలో దొరికింది. స్టూలు తను పట్టుకుంటానంది.