పెరిగే పిల్లకు పొడుగు లెదర్ బూట్లు: రెండేళ్ల పైన వాడాక

మా పాప గుర్రపు స్వారీకి వేసుకునే పొడుగు లెదర్ బూట్లు కొని రెండేళ్లు దాటింది. ఇప్పుడవి చాలడం లేదు, కొత్తవి కొనాలి. ఈలోగా వీటి గురించి తెలిసింది రాద్దామనిపించింది. ముందే చెప్పేస్తాను, తోలు బాగుంది, కుట్టు బాగుంది, జిప్పు మాత్రం నాసిరకం. అయితే పెరిగే పిల్లలకు ఏ కంపెనీ బూట్లు కొన్నామన్నదాని కంటే ఏ వయసులో కొన్నామన్నదే ఎక్కువ తేడా చూపిస్తుంది.

మాది అనంతపురం. ఇక్కడ గుర్రం కనిపించేది పెళ్లి ఊరేగింపుల్లోనే. పాప స్వారీ నేర్చుకునేది బెంగళూరుకు ఇవతల, దేవనహళ్లి వైపు. మా చెల్లెలు యలహంకలో ఉంటుంది కాబట్టి శని ఆదివారాలు, సెలవులు అక్కడే గడుస్తాయి. దీని గురించి మా అత్తగారికి ఉన్న అభిప్రాయాలు ఇంకో రోజు రాస్తాను. బూట్ల విషయానికొస్తే ఊళ్లో ఇవి అమ్మే షాపు లేదు. కాలికి వేసి చూసి కొనే వీలు లేదు. టేపు పట్టుకుని కొలవడం, కంపెనీ వాళ్లిచ్చిన కొలతల పట్టికతో సరిచూసుకోవడం, అంతే.

పదకొండేళ్లకు స్వారీ మొదలుపెట్టినప్పుడు పొడుగు బూట్లు కొనలేదు. చీలమండ దాకా వచ్చే జోధ్‌పూర్ బూట్లు, వాటి మీద పిక్కకు చుట్టి జిప్పు వేసుకునే హాఫ్ చాప్స్ కొన్నాం. పొడుగు బూటు చేసే పని ఈ రెండూ కలిసి చేస్తాయి. పిక్క జీనుకూ స్టిరప్ (పాదం పెట్టుకునే ఇనుప కడియం) పట్టీకీ రాసుకుని ఒరిసిపోదు, కాలు నిలకడగా ఉంటుంది. ఆ వయసు పిల్లల్లో ఎత్తు కంటే ముందు పాదాలు పెరుగుతాయి. యూకే సైజుల్లో ఒక్క నంబరు తేడా అంటే మిల్లీమీటర్లలో ఎనిమిదిన్నర, అంతే. అది ఎప్పుడు దాటిపోతుందో తెలియదు. పొట్టి బూట్లు అయితే బిగుతైనప్పుడల్లా మార్చినా నెలకు ఇంటి సరుకులకు అయ్యేంత ఖర్చు కాదు. హాఫ్ చాప్స్‌కు ఎలాస్టిక్ ఉంటుంది కాబట్టి అవి ఇంకా ఎక్కువ కాలం వస్తాయి. పదీ పన్నెండేళ్ల పిల్లలకు పొడుగు లెదర్ బూట్లు కొనే తల్లిదండ్రులను అక్కడ చూస్తూనే ఉంటాను. డబ్బు వాళ్లది, కాదనను. కానీ ఒకే సీజన్‌లో మూడో వంతు కూడా అరగని బూట్లను అమ్మకానికి పెట్టేదీ వాళ్లే.

పాపకు పద్నాలుగు రాబోతుండగా కొన్నాం. పోటీల్లో పాల్గొనడం మొదలుపెట్టింది, కోచ్ మేడమ్ కూడా ఇక కొనొచ్చన్నారు. నేను చూసిన లెక్క వేరే. ఆడపిల్లలు పెద్దమనిషి అయ్యాక ఎత్తు పెరగడం నెమ్మదిస్తుంది, సుమారు రెండేళ్లలో దాదాపు ఆగిపోతుంది. పాదాలైతే అంతకు ముందే ఆగుతాయి. మా పాపకు అప్పటికే ఏడాది దాటింది, చెప్పుల సైజు కూడా కొన్ని నెలలుగా మారలేదు. మగపిల్లలకైతే ఇంకో రెండేళ్లు ఆగడం మంచిది. వాళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి ఆలస్యంగా ఆపుతారు.

మేం తీసుకున్నవి కాన్పూర్‌లో తయారైన ఫీల్డ్ బూట్లు. జీన్లకూ కళ్ళేలకూ కాన్పూర్‌ది పాత పేరు, అక్కడి శాడిలరీకి, అంటే జీను సామానుకు, జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది. బయటి దేశాల బ్రాండ్లు అడిగే ధరతో పోలిస్తే ఇవి మూడో వంతే, పన్నెండు వేల లోపు పడ్డాయి. ఫీల్డ్ బూటుకు చీలమండ ముందు లేసులుంటాయి, డ్రెస్ బూటుకు ఉండవు, అది నున్నగా బిగుతుగా ఉంటుంది. పెరిగే పిల్లకు లేసులున్నదే కొనాలి. మడమ దగ్గర, పాదం పైభాగాన వదులు చేసుకోవడానికి ఉన్న ఒకే ఒక్క దారి అది. రబ్బరువి చవక, వానకు మంచివి. కానీ ఏప్రిల్‌లో రబ్బరు బూట్లు వేసుకుని దిగిన పిల్లల సాక్సులు పిండితే నీళ్లు కారతాయి.

కొలతలు సాయంత్రం తీసుకోవాలి, పొద్దుటికంటే అప్పుడు కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి. స్వారీ ప్యాంటు, పొడుగు సాక్సులు వేసుకున్నాకే కొలవాలి. కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు సరిగ్గా వంచి, పాదం నేలకు పూర్తిగా ఆనించాలి. పిక్క అన్నిటికంటే లావుగా ఉన్నచోట చుట్టుకొలత, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎత్తు, ఇవి రెండూ ముఖ్యం. రెండు కాళ్లూ కొలవండి. మా పాపకు కుడి పిక్క ఎడమదాని కంటే దాదాపు సెంటీమీటరు ఎక్కువ. పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

లెదర్ బూటు కొత్తలో మోకాలి వెనక తగిలేంత ఎత్తుండాలి. ఎందుకంటే కొంతకాలానికి చీలమండ దగ్గర తోలు ముడతలు పడి బూటు మొత్తం రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు కిందికి జారుతుంది. కొత్తలోనే సరిగ్గా ఉన్నది తర్వాత పొట్టిదవుతుంది. పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. బూటు కిందికి దిగుతుంటే కాలు పైకి పెరుగుతుంటుంది. కాబట్టి పెద్దవాళ్లు తీసుకునే దానికన్నా కొంచెం ఎక్కువ ఎత్తే తీసుకోవాలి. తీసుకుంటే మొదట్లో మోకాలి వెనక చర్మం కోసుకుపోతుంది. దీనికి కోచ్ మేడమ్ చెప్పిన చిట్కా మాకు బాగా పనిచేసింది. పాదం అర సైజు పెద్దది తీసుకుని, లోపల మడమ కింద ఒక సెంటీమీటరు మందం మెత్త, దాని మీద మామూలు ఇన్‌సోల్ వేశాం. మడమ లేవడంతో మోకాలు బూటు అంచు కంటే పైకి వచ్చింది, పాదం దగ్గర ఉన్న ఖాళీ కూడా నిండింది. బూటు జారాక మెత్త తీసేశాం. పాదం పెరిగాక ఇన్‌సోల్ పలచనిది వేశాం. అర సైజు మించి మాత్రం వద్దు. "రెండేళ్లు రావాలి, ఒక నంబరు ఎక్కువ తీసుకో" అనేది స్కూలు బూట్లకు నడుస్తుంది, ఇక్కడ నడవదు. వదులు బూటులో మడమ లేస్తుంది, కాలు స్టిరప్‌లో నిలవదు. పడినప్పుడు కాలు స్టిరప్‌లో ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకెళ్తుంది. అందుకే అడుగు నున్నగా, మడమ అంగుళం దాకా ఎత్తుగా ఉన్న బూట్లే వాడతారు, స్పోర్ట్స్ షూలు వేసుకుని వస్తే గుర్రం ఎక్కనివ్వరు. ఇందులో చాలామంది మర్చిపోయే సంగతి, బూటు సైజు మారినప్పుడు స్టిరప్ వెడల్పు కూడా చూడాలి. బూటు అడుగు కంటే స్టిరప్ సుమారు అంగుళం వెడల్పు ఉండాలి.

మొదటి నెల కష్టమే. చీలమండ దగ్గర తోలు వంగదు, మోకాలి వెనక రాపిడి. ఇంట్లో కాసేపు వేసుకుని కూర్చుంటూ లేస్తూ ఉంటే త్వరగా దారికొస్తుంది. హాల్లో ఆ బూట్లతో కూర్చుని ట్యూషన్ లెక్కలు చేసుకునేది. అలవాటయ్యాక ఇక బూటు గురించి మాట ఎత్తలేదు. పాప అన్నదొకటే, హాఫ్ చాప్స్‌తో పోలిస్తే కాలు తిప్పుకోకుండా ఒకేచోట ఉంటుందని. అది నిజమేనని మేడమ్ కూడా అన్నారు.

ఇక జిప్పు. వెనకవైపు నిలువునా ఉంటుంది, భారమంతా దానిదే. ఏడాది తిరగకుండానే ఎడమ బూటు రన్నర్ పళ్లను వదిలేసింది. అది కూడా పోటీ రోజు పొద్దున. టెన్షన్‌తో నాకు చేతులాడలేదు, పాపే టేపు చుట్టుకుని వెళ్లింది. కంపెనీకి ఫోన్ చేస్తే బూట్లు పంపండి, నెల పడుతుందన్నారు. పంపలేదు. క్లాక్ టవర్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "తోలు బంగారమట్లుందమ్మా, చైను మాత్రం బ్యాగులకేసేది ఏసినారు" అన్నాడు. లావు పళ్లది తెప్పించుకోమని, అది వచ్చాక రెండు బూట్లకూ పాత కుట్టు రంధ్రాల్లోంచే కుట్టాడు. ఆ రంధ్రాల్లోనే కుట్టమని అడగండి, కొత్త రంధ్రాలు పొడిస్తే తోలు చిరుగుతుంది. వేసవి తర్వాత ముందువైపు అతుకు ఊడి అడుగు కాస్త నోరు తెరిస్తే దాన్నీ ఆయనే కుట్టాడు. ఆ జిప్పు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. స్వారీ అయ్యాక పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపి, అప్పుడప్పుడు కొవ్వొత్తి రుద్దుతుంటాం.

తోలు సంరక్షణ పెద్ద పనేం కాదు. తడి గుడ్డతో తుడవాలి, ముఖ్యంగా గుర్రం చెమట అంటుకునే లోపలివైపు. గ్లిజరిన్ సబ్బు, నెలకోసారి లెదర్ కండిషనర్. అనంతపురం ఎండకు తోలు త్వరగా ఎండి పగులుతుంది, కాబట్టి నీడలోనే ఆరబెట్టాలి. ఇక్కడ బూజు బాధ తక్కువ. బెంగళూరులో వాన రోజులు వరుసగా వస్తే మా చెల్లెలి ఇంట్లో వదిలేసిన బూట్లకు తెల్లగా పట్టేది. మా మామగారు ఆముదం పూయమన్నారు, ఆయన కిర్రు చెప్పులకు అదే పూసేవారట. చెప్పులకు మంచిదే. ఇక్కడ జీనుకు ఆనే చోట నూనె పూస్తే మరక పడుతుంది, కాలు జారుతుంది, దుమ్మంతా అంటుకుంటుంది. నిలబెట్టడానికి చెక్క అచ్చులు కొనక్కర్లేదు, పాత వారపత్రికలు గట్టిగా చుట్టి లోపల దూరిస్తే చాలు. మడిచిపెడితే మడత పడిన చోటే పగులుతుంది.

చివరికి ఇవి చాలకుండా పోయింది పాదం వల్ల కాదు. పాదం ఇప్పటికీ బాగానే పడుతుంది. మొదట పిక్క బిగిసింది, స్వారీతో కండ పెరుగుతుంది కదా. సాయంత్రం పూట జిప్పు పైకి రావడం లేదు. ఎత్తు కూడా మోకాలికి నాలుగు వేళ్లు కిందికి వచ్చేసింది. పిక్క దగ్గర నిలువునా ఎలాస్టిక్ పట్టీ ఉన్న మోడల్ తీసుకుని ఉంటే ఇంకో ఆరు నెలలు వచ్చేదని మా అంచనా. ఈసారి అదే అడుగుతున్నాం. కొలతలు పంపేటప్పుడు పిక్కకు ఒక సెంటీమీటరు ఎక్కువ, జిప్పు లావు పళ్లది, పైన దానికి బటన్ పట్టీ అని రాసి పంపాం. పాపకు పదహారు దాటాయి, ఎత్తు ఏడాదిగా మారలేదు, కాబట్టి మెత్తల అవసరం ఉండదు.

పాత జత పాప స్వారీ క్లాసులోని ఒక చిన్నమ్మాయి తీసుకుంది, నాలుగు వేలకు. మడమ మెత్త, మందం ఇన్‌సోల్ కూడా బూట్లతోనే ఇచ్చేశాను. స్టిరప్ వెడల్పు మేడమ్‌తో ఒకసారి చూపించుకోమని వాళ్లమ్మకు చెప్పాను.