ఫ్యాన్ ఫిక్షన్ కోసం ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్: ఆరేళ్లు వాడాక

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015లో మొదలై 2017 దాకా నడిచింది. ఆ రెండేళ్లూ మా హన్మకొండ గల్లీలో ఎవరికి తోచిన కథ వాళ్లు అల్లారు. సినిమా వదిలేసిన ఖాళీలో అభిమానులు అల్లుకునే కథల్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆరేళ్లుగా వాటిని ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే వెబ్‌సైట్‌లోనే ఎక్కువగా చదువుతున్నాను. ఏఓ3 అంటే అభిమానులకు తెలిసిపోతుంది.

అంతకుముందు వేరే యాప్ వాడేదాన్ని. కథ మంచి పట్టు మీద ఉండగా ప్రకటన వచ్చేది, చివరి భాగాలకు డబ్బు కట్టమనేది. ఇక్కడ ఆ రెండూ లేవు. లాభాపేక్ష లేని సంస్థ విరాళాలతో నడుపుతోంది, పనిచేసేది వాలంటీర్లు. సైన్స్ ఫిక్షన్, ఫ్యాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు కూడా 2019లో వచ్చింది. కథను ఈపబ్‌గా, అంటే ఈ-బుక్ ఫైల్‌గా, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కాజీపేటలో రైలెక్కే ముందు రెండు కథలు దించుకుంటే సికింద్రాబాద్ దాకా సిగ్నల్‌తో పని లేదు. అధికారిక యాప్ లేదు, ఫోన్ బ్రౌజర్‌లోనే చదవాలి.

అసలు కష్టం కథను ఎంచుకోవడంలోనే. మొదటి ఏడాది కూడోస్ ఎక్కువున్నవే వెతికి చదివాను. కూడోస్ అంటే మన లైక్ లాంటిది. పాత కథలకు, పెద్ద పేరున్న సీరియల్స్ మీద రాసినవాటికి అవి ఎటూ ఎక్కువే ఉంటాయి. అన్నీ ఒకే కథలా అనిపించి విసుగొచ్చింది. ఇప్పుడు నాకు ప్రాణం లేచొచ్చినట్టు అనిపించిన కథ దొరికితే, దాన్ని బుక్‌మార్క్ చేసినవాళ్లెవరో చూస్తాను. వాళ్ల బుక్‌మార్కుల్లో 'రెక్' (సిఫార్సు) అని గుర్తు పెట్టినవాటినే విడిగా చూడొచ్చు. అలా దొరికిన ఒక పాఠకురాలి అభిరుచి నాతో ఎంత కలిసిందంటే, ఆమె మెచ్చిన కథలు చదివాకే రెండు సీరియల్స్ మొదలుపెట్టాను. 'పూర్తయినవి మాత్రమే' అన్న ఫిల్టర్ తప్పకుండా పెట్టుకోండి. సగంలో ఆగిపోయిన కథ మిగిల్చే బాధ చిన్నది కాదు.

ఎవరికైనా కథ సూచించే ముందు ఏ వయసువాళ్లకో చెప్పే రేటింగ్, లోపల ఏముందో చెప్పే ట్యాగులు రెండుసార్లు చూస్తాను. రేటింగ్ ఇవ్వలేదంటే పిల్లలు చదవొచ్చని కాదు, లోపల ఏదైనా ఉండొచ్చు. హెచ్చరికలు పెట్టదలచుకోలేదని రచయిత రాసినా అంతే. ఇంటర్ చదివే పిల్లలకు నేను చదవని కథ పంపనే పంపను.

బాహుబలి, ఆర్ఆర్ఆర్ మీద కూడా కథలున్నాయి, కానీ చాలావరకు ఇంగ్లిష్‌లోనే. మన రాజులు, మన సైనికులు ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటుంటే నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంటుంది. మా చెల్లెకు ఇంగ్లిష్‌లో చదవడం ఇష్టం ఉండదు. అందుకే నచ్చినవి రాత్రిపూట మా మాటల్లో చెబుతాను. దేవసేన పాతికేళ్లు సంకెళ్లలో ఉంది కదా, అందులో ఒకే ఒక్క రోజు గురించిన చిన్న కథ ఒక రాత్రి చెప్పాను. కట్టప్ప నీళ్లు తెస్తాడు, ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోరు. అంతే కథ. చెప్పడం అయిపోయాక చెల్లె కాసేపు పలకలేదు.

"అక్కా, ఇది సినిమాలో ఉందా? నేనే మర్చిపోయిన్నా?" అంది.

లేదన్నా నమ్మలేదు. ఆదివారం సినిమా మళ్లీ పెట్టుకుని ఆ సీన్ కోసం చివరిదాకా చూసింది.